గణనయు, చిత్రణమును, ధర్మమును



మన సంఘపు వార్షిక మహాసభ యీ పర్యాయము కిష్టారెడ్డిపేటయందు జరుగుట మనకెల్లరకును సంతోషకరము. ఒకనాటి మెట్టచేలయందు నేడు అంతస్తుల భవనములు లేచినవి. పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారముల కర్మాగారములను నమ్ముకొని నలుదెసలనుండి జనులు వచ్చి యీ ప్రాంతమున స్థిరపడిరి. మనవారును అట్లే పలు జిల్లాలనుండి వచ్చి చేరిరి. ఒకే భవనమునందు పై అంతస్తున నొకరు, క్రింది అంతస్తున నొకరు కాపురముండియు తాము బంధువులమని యెఱుగని స్థితి యేర్పడినది. అందుచేత కార్యనిర్వాహకవర్గమువారు మన కుటుంబములన్నిటి వివరములతో నొక పట్టికను సిద్ధపఱచి, కంప్యూటరునందు భద్రపఱచి, దానినుండి పటములు గీయించి, విద్యార్థివేతనములకును, వివాహసంబంధములకును, ప్రభుత్వమునకు విజ్ఞప్తులు చేయుటకును ఉపయోగింపవలెనని ప్రతిపాదించియున్నారు. ఆ ప్రతిపాదన సభయెదుటకు వచ్చుటకు ముందు నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరిరి.

నేను సంస్కృతము చదువుకొని, బడిపిల్లలకు భాష చెప్పి విశ్రాంతి గొన్నవాడను, గణితశాస్త్రజ్ఞుడను గాను. అయినను లెక్క యనునది గణితజ్ఞుల సొమ్ము మాత్రమే కాదు. లెక్కించువానికి ఎంత హక్కు కలదో, లెక్కింపబడువానికిని అంత హక్కు కలదు. ఆ రెండవవాని పక్షమున మాటలాడుటకే నేను నిలిచితిని. నా అభిప్రాయమును మొదటనే విన్నవించెదను. పట్టిక మనకు కావలెను. కాని దాని విషయమున నొక్క సూత్రమును మఱువరాదు: బలవంతుని లెక్క వెలుగునందుండవలెను, బలహీనుని పేరు నీడయందుండవలెను. ఈ రెండును తాఱుమాఱైనచో, మేలుకై వ్రాసిన పట్టికయే కీడునకు మూలమగును.

నలోపాఖ్యానమును విననివారు మనలో నుండరు. ఋతుపర్ణ మహారాజు, బాహుకుడను పేరనున్న నలుని సారథిగా గొని విదర్భకు పోవుచు, త్రోవలో నొక తాండ్రచెట్టును చూచి, దాని ఆకులింత, కాయలింత యని చూపుమాత్రమున లెక్కగట్టి చెప్పెను. నలుడు ఆ మాటను ఊరక నమ్మలేదు. రథము దిగి, చెట్టును పడగొట్టి, లెక్కించి, రాజు చెప్పినది సరియని తెలిసికొని యాశ్చర్యపడెను. ఈ కథయందు నాకు రెండు పాఠములు కనబడుచున్నవి. ఎంతటివాడు చెప్పినను సంఖ్యను పరీక్షింపక స్వీకరింపరాదనునది మొదటిది. రెండవ పాఠమును సాధారణముగా నెవరును గమనింపరు: లెక్క తేలెను గాని చెట్టు మిగులలేదు. మనము లెక్కింపబోవునది మనుష్యులను. వారి మానమును, మర్యాదను, నెమ్మదిని కూల్చి తేల్చిన లెక్క యెంత సరియైనదైనను మనకు పనికిరాదు.

గణనవలన కలుగు మేలును ముందుగా చెప్పెదను. 1854వ సంవత్సరమున లండను నగరమునందలి సోహో పేటలో కలరా చెలరేగి ఆఱువందలకు పైబడిన జనులు మరణించిరి. దుర్గంధవాయువువలన ఆ వ్యాధి వచ్చునని ఆ కాలపు వైద్యులలో పెక్కుమంది నమ్మకము. జాన్ స్నో అను వైద్యుడు ఇంటింటికి పోయి, మరణించినవారు త్రాగిన నీరెక్కడిదో విచారించెను. ఆయన చెప్పిన సాక్ష్యమునుబట్టి సెప్టెంబరు 8వ తేదీన అధికారులు బ్రాడ్ వీధియందలి చేతిపంపు పిడిని ఊడదీసిరి. పిమ్మట ఆయన ప్రకటించిన పటమునందు, ప్రతి మరణమునకును ఆ యింటి చోట నొక నల్లని గీత గలదు. గీతలన్నియు ఆ పంపు చుట్టును గుమిగూడియుండుట ఎవరికైనను చూచినంతనే తెలియును. ఆ పటమున మృతుల పేర్లు లేవు. పేర్లు లేకున్నను సత్యమునకు లోపము కలుగలేదు. ఈ సంగతిని మీరు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను.

మఱి నాలుగేండ్లకు, 1858లో, ఫ్లారెన్స్ నైటింగేల్ అను ప్రసిద్ధ పరిచారిక క్రిమియా యుద్ధమునందలి సైనికుల మరణములను మాసములవారీగా చక్రాకారపు పటముగా గీయించెను. గాయములవలన చచ్చినవారి భాగము చిన్నది. పారిశుద్ధ్యము లేక వచ్చిన నివార్యరోగములవలన చచ్చినవారి భాగము మిక్కిలి పెద్దది. నివేదికలయందలి సంఖ్యలను చదువని మంత్రులును ఆ పటమును చూడక తప్పలేదు. అచట తలదించుకొనవలసినది ప్రభుత్వమే గాని, చనిపోయిన సైనికుడు గాడు.

పరదేశముల మాట యటుంచి, మన ప్రక్కనే యున్నదానిని చూతము. 1972లో పటాన్‌చెరునందు స్థాపితమైన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనసంస్థ మనకు నిత్యపరిచితమే. ఆ సంస్థవారు 1975లో ఆఱు పల్లెలను ఎన్నుకొనిరి. అందు ఔరేపల్లి, డోకూరు అనునవి అప్పటి మహబూబ్‌నగరు జిల్లావి. తక్కిన నాలుగును మహారాష్ట్రమునందలి షోలాపురము, అకోలా జిల్లాలవి. పల్లెకు నలుబది కుటుంబములచొప్పున తీసికొని, పరిశోధకులు ఆ పల్లెలయందే కాపురముండి, రైతు విత్తినది, కోసినది, కొన్నది, అమ్మినది, కూలికి పోయినది, అప్పు తెచ్చినది ఏండ్ల తరబడి వ్రాసికొనిరి. ఆ లెక్కలను ఆధారము చేసికొని రాబర్ట్ టౌన్సెండ్ అను అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు 1994లో నొక ప్రసిద్ధ వ్యాసము వ్రాసెను. ఒక్కొక్క యింటి ఆదాయము ఏటేట మిక్కిలిగా హెచ్చుతగ్గులు పొందుచున్నను, ఆ యింటి వాడుకఖర్చు అంతగా ఊగుట లేదనియు, పల్లెవారు ఒకరికొకరు ఆసరాయై ఆపదను పంచుకొనుచున్నారనియు ఆయన చూపెను. కఱవుసీమ రైతుల లెక్క ప్రపంచమునకు పాఠమైనది. ఆ పట్టికలయందు కుటుంబములు సంఖ్యలచేతనే గుర్తింపబడును గాని పేర్లచేత గాదు. ఔరేపల్లి రైతు అప్పు ఎంతయో లోకమెఱుగును. ఆ రైతు ఎవడో లోకమెఱుగదు. ఇది సజ్జనులు చేయు గణనము.

ఇక వెలుగునందుండవలసిన లెక్కకు నిదర్శనము. స్వీడను దేశమునందలి గోటెన్‌బర్గు విశ్వవిద్యాలయమునకు చెందిన జోకిమ్ లార్సన్, ఆయన సహచరులు పటాన్‌చెరునందలి వ్యర్థజలశుద్ధి కేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించిరి. ఇంచుమించు 90 ఔషధ కర్మాగారముల వ్యర్థజలము ఆ కేంద్రమునకు చేరుచుండెను. శుద్ధియైన పిదపను ఆ నీటియందు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు ఉండెను. ఆ యొక్క మందే దినమునకు 45 కిలోగ్రాములు నీటితో కలిసి పోవుచున్నదని వారు లెక్కగట్టిరి. ఆ సంఖ్య లోకమున సంచలనము కలిగించెను. ఏలయన, మందుతో కలిసిన నీటియందు పెరుగు సూక్ష్మక్రిములు ఆ మందునకు లొంగని శక్తిని సంపాదించుకొనును. ఇట్టి లెక్క దాపరికములేక ప్రతి పంచాయతి గోడమీదను ఉండదగినది. దాని వెల్లడివలన పేదవానికి చేటు లేదు.

లెక్క లేకపోవుటయు నొక అధర్మమే యని చెప్పుటకు మనమందఱమును దుఃఖముతో తలచుకొను సంఘటన యొకటి కలదు. 2025 జూన్ 30వ తేదీన పాశమైలారమునందలి యొక ఔషధ కర్మాగారమున పేలుడు సంభవించి నలువదికి మించిన కార్మికులు ప్రాణములు గోల్పోయిరి. వారిలో అనేకులు బీహారు, ఒడిశా మున్నగు రాష్ట్రములనుండి పొట్టకూటికై వచ్చినవారు. దేహములను డి.ఎన్.ఏ. పరీక్షచేత గుర్తింపవలసివచ్చెను, కొందఱి దేహములే లభింపలేదు. అట్టి దినమున లోపలికి పోయినవారి పేర్లు గల పట్టిక యొక్కటి సరిగా నుండుట ఎంతటి పుణ్యమో, దూరదేశమున నున్న తల్లి నడిగిన తెలియును. కాబట్టి పట్టికయే వలదని నేననను. ఎవరికొఱకు వ్రాయుచున్నాము, ఎవరికి చూపుచున్నాము అనునదే ప్రశ్న.

ఇప్పుడు చిత్రణధర్మమునకు వచ్చెదను. సంఖ్యలను గీతలుగాను, వర్తులములుగాను, రంగులుగాను మార్చి చూపుట నేటి శాస్త్రములన్నిటికిని అవసరమైన విద్య. కన్ను చెవికంటె త్వరగా గ్రహించును. అందుచేతనే కన్నును మోసగించుటయు సులభము. మన విద్యార్థులలో నిరుడు నూటికి 80 మంది, ఈ యేడు 84 మంది ఉత్తీర్ణులైరనుకొందము. రెండు కడ్డీలు గీసి, అడుగుగీతను సున్నవద్ద గాక 78వద్ద మొదలుపెట్టినచో, రెండవ కడ్డీ మొదటిదానికి మూడింతలు పొడుగుగా కనబడును. అంకెలలో అబద్ధము లేదు. చిత్రమున అబద్ధము కలదు. మఱియొకటి: విరాళములు రెట్టింపైనవని చూపుటకు వర్తులముయొక్క వ్యాసమును రెట్టింపు చేయుదురు. వ్యాసము రెండింతలైన వైశాల్యము నాలుగింతలగును. చూచువాడు నాలుగింతల విరాళమునకు చప్పట్లు కొట్టును.

దేశపటమున జిల్లాలకు రంగులు వేయునప్పుడును ఇట్టి దోషమే కలుగును. విశాలమై జనము తక్కువగల జిల్లా కన్నును నింపును. చిన్నదై జనము కిక్కిరిసిన హైదరాబాదు చుక్కయై పోవును. ముగ్గురు బాలికలలో ఇద్దఱు చదువు మానిరన్నచో అది నూటికి 66 పైచిలుకు. పటముపై 66 అని మాత్రము వ్రాసి ముగ్గురే యని చెప్పకున్నచో అది సత్యమున సగము మాత్రమే. ఇక సగటు సంగతి. ఒక సభయందు తొమ్మండుగురు నెలకు పదివేలు తెచ్చుకొనువారును, ఒకడు పదిలక్షలు తెచ్చుకొనువాడును ఉన్నచో, సగటు లక్షకు పైబడును. ఆ సగటు ఆ పదిమందిలో నొక్కని బ్రదుకునకును సరిపడదు.

ఇచట మన లోపమును మనము చెప్పుకొనవలెను. కులసంఘములెల్ల తమ సంఖ్యను పెంచి చెప్పుకొనుట పాత యలవాటు. 1901 జనాభాలెక్కలయందు రిస్లీ దొర కులములకు మర్యాదక్రమము నేర్పఱుపబూనినప్పుడు, దేశమునలుమూలలనుండి సంఘములవారు తమ స్థానమును పెంచుడని అర్జీలు పంపిరి. దేశమంతటను కులములను పూర్తిగా లెక్కించి ప్రకటించుట 1931తో నిలిచిపోయెను. తెలంగాణమున 2024 నవంబరు 6వ తేదీన ఇంటింటి కులసర్వే ఆరంభమై, 2025 ఫిబ్రవరియందు ఫలితములు వెలువడినవి. 2027 జనాభాలెక్కలయందు కులమును చేర్చుటకు కేంద్రప్రభుత్వము 2025 ఏప్రిల్ 30వ తేదీన నిర్ణయించెను. ఇట్టి కాలమున ప్రతి సంఘమును తన సంఖ్య యిన్ని లక్షలని వేదికలపై చాటుచున్నది. ఆ సంఖ్యలనన్నిటిని కూడినచో రాష్ట్రజనసంఖ్య చాలదేమో యని నా సందేహము! మనము మాత్రము లెక్కించినంతయే చెప్పుదము. లెక్కింపనిదానిని లెక్కింపలేదనియే చెప్పుదము. చిన్న సంఖ్య సిగ్గుపడదగినది గాదు. తప్పు సంఖ్య సిగ్గుపడదగినది.

తరువాతిది డేటా మైనింగు. గనిని త్రవ్వి ఖనిజమును తీసినట్లు, పెద్ద పట్టికలను కంప్యూటరుచేత త్రవ్వించి, అందు మఱుగుపడియున్న సంబంధములను వెలికిదీయుట దీని యర్థము. గనిని త్రవ్వువాడు భూమి యెవరిదని యడుగవలెను గదా! ఈ గనికి భూమి మన బ్రదుకులే. మనమెచట కొంటిమి, ఎవరితో మాటలాడితిమి, ఏ యాసుపత్రికి పోతిమి అనునవే యందలి మట్టి.

ఈ త్రవ్వకమునందలి ముఖ్యదోషమును మన తార్కికులు ఏనాడో గుర్తించిరి. తర్కసంగ్రహము చదివిన బాలుడును చెప్పగలడు: పొగ యున్నచోట నిప్పు కలదని యనుమానింపవచ్చును, నిప్పున్నచోటనెల్ల పొగ కలదని యనుమానింపరాదు. ఎఱ్ఱగా కాలిన యినుపగుండునందు నిప్పు కలదు, పొగ లేదు. పొగ పుట్టుటకు పచ్చికట్టెల కలయిక కావలెను. దీనికే ఉపాధి యని పేరు. రెండు విషయములు పలుమాఱులు కలిసి కనబడుట సాహచర్యము. ఎన్నడును విడిపోకుండుట వ్యాప్తి. కంప్యూటరు కోట్లకొలది సాహచర్యములను క్షణమున చూపగలదు. వ్యాప్తి యున్నదో లేదో, మధ్య ఏ యుపాధి దాగియున్నదో విచారించుట మనుష్యుని పని. ఫలాన వీథివారు అప్పు సకాలమున తీర్చుట లేదని పట్టిక చూపెననుకొందము. ఆ వీథివారు నమ్మదగనివారని యంత్రము నిర్ణయించును. ఆ వీథివారు పనిచేయు కర్మాగారము మూతపడినదనెడి యుపాధి పట్టికయందు లేదు. అప్పు మఱింత అవసరమైన దినముననే వారికి అప్పు పుట్టదు.

ఇది ఊహ మాత్రమే గాదు. మన రాష్ట్రప్రభుత్వము సమగ్ర వేదిక యను విధానమును నెలకొల్పి, ఇంచుమించు ముప్పది శాఖల పట్టికలను కలిపి, ఒక్కొక్క మనుష్యుని వివరములను ఒకచోట చేర్చు నేర్పాటు చేసెను. రేషను కార్డుల అర్హతను పరీక్షించుటకును దానిని వినియోగించిరి. 2014 మొదలు 2019 వఱకు రాష్ట్రమున 18 లక్షలకు మించిన కార్డులు రద్దైనవి. ఇంటికి పోయి విచారింపకయే, ముందుగా తెలుపకయే, కంప్యూటరు గుర్తింపుపై ఆధారపడి రద్దు చేసిరని వ్యాజ్యము నడిచెను. రిక్షా త్రొక్కి జీవించిన యొకాయనకు, పేరు పోలికచేత మఱియొకని కారును అంటగట్టి, ఆ యింటి కార్డును నిరాకరించిన యుదంతము పత్రికలయందు వచ్చినది. 2022 ఏప్రిల్ 27వ తేదీన సుప్రీంకోర్టు, రద్దైన కార్డులనన్నిటిని క్షేత్రమునకు పోయి మరల పరిశీలింపవలెనని యాదేశించెను. ఆ జూలై నాటికి పరిశీలించిన సుమారు 2 లక్షల దరఖాస్తులలో 15 వేలకు పైబడిన కుటుంబములు అర్హములని తేలినట్లు ప్రకటితమైనది.

నూటికి ఏడున్నర! పటమునందు గీచినచో అది సన్నని యొక చీలిక. చూచువాడు నూటికి తొంబదిరెండు సరిగానున్నదని తృప్తిపడును. నేలమీద చూచినచో అవి పదునైదువేల పొయ్యిలు. అనర్హునికి బియ్యమిచ్చుట వలన బొక్కసమునకు నష్టము. అర్హునికి నిరాకరించుట వలన ఆకలి. ఈ రెండు తప్పులును అంకెలలో సమానముగా కనబడవచ్చును గాని ధర్మమున సమానములు గావు. మన తెలుగువాడైన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, కలకత్తాయందలి భారతీయ గణాంకసంస్థలో పనిచేయుచు, ఇరువదియైదేండ్ల ప్రాయమున 1945లో ప్రకటించిన వ్యాసముచేత లోకప్రసిద్ధులైరి. ఉన్న సమాచారమునుండి ఎంత నిపుణుడైనను ఇంతకంటె నిశ్చయముగా చెప్పజాలడనెడి హద్దును ఆయన నిరూపించిరి. 2023లో అంతర్జాతీయ గణాంకపురస్కారమును గైకొని, ఆ యేడు ఆగస్టులోనే 102 ఏండ్ల వయస్సున పరమపదించిరి. సందేహమునకును కొలత కలదని చెప్పిన మహనీయుని భాషవారమైన మనము, యంత్రము చెప్పినది వేదవాక్యమని తలయూచుట తగునా?

పట్టిక సరియైనదే యనుకొందము. అప్పుడును భయము తీరదు. నెదర్లాండ్సు దేశమువారు సుపరిపాలనకొఱకు ప్రతి పౌరుని మతముతోసహా చక్కని జనపట్టికను వ్రాసియుంచిరి. వ్రాసినవారు దుర్మార్గులు గారు. 1940లో జర్మను నాజీలు ఆ దేశము నాక్రమించినప్పుడు, యూదులను ఇంటింట గుర్తించుటకు ఆ పట్టికయే వారికి చేదోడయ్యెను. ఇంచుమించు 1,40,000 యూదులలో లక్షకు పైబడినవారు హతులైరి. 1943 మార్చి 27వ తేదీ రాత్రి కొందఱు దేశభక్తులు ప్రాణములకు తెగించి ఆమ్‌స్టర్‌డామునందలి జనపట్టిక కార్యాలయమునకు నిప్పుపెట్టిరి. ఒక చేత మేలుకై వ్రాసినది మఱియొక చేత బడుట కెంతో కాలము పట్టదు. కులము పేర వ్రాయబడు పట్టికను చేతబట్టువారు ఈ కథను నిత్యము స్మరింపవలెను.

పేరు తీసివేసితిమి, ఇక భయమేమి యని కొందఱనవచ్చును. లటాన్యా స్వీనీ అను అమెరికా విదుషి 1990 జనాభాలెక్కల ఆధారముతో పరిశీలించి, జన్మదినము, స్త్రీయో పురుషుడో, తపాలా సంఖ్య యను మూడు వివరములు కలిసినచో, ఆ దేశమున నూటికి 87 మంది యొంటరిగా గుర్తుపట్టదగియున్నారని చూపెను. మనకు ఇంత శాస్త్రమక్కఱలేదు. ఫలాన పేటయందు ఇద్దఱు కుమార్తెలు గల, మందుల కంపెనీలో పనిచేయు వితంతువు ఒకతె కలదని వ్రాసిన చాలును. పేరు లేకున్నను సాయంకాలమునకు బంధుకోటి కంతకును తెలిసిపోవును.

ఫోనులోని పేర్లపట్టికవలన కలిగిన ఘోరములను ఈ ప్రాంతమువారు మఱువలేదు. 2020 చివర తెలంగాణమున ఆన్‌లైను అప్పు యాపులవారు, ఋణగ్రస్తుని ఫోనులోని బంధుమిత్రుల సంఖ్యలను లాగికొని, వారికెల్ల అవమానకరమైన సందేశములు పంపగా, కొందఱు ప్రాణములు తీసికొనిరి. పోలీసులు పెక్కుమందిని బంధించిరి. 2022 సెప్టెంబరున రిజర్వు బ్యాంకు ఇట్టి యాపులు ఫోనులోని పేర్లపట్టికను ముట్టరాదని మార్గదర్శకములు జారీచేసెను. అప్పు చేసినవాడు తన పరువును మాత్రమే తాకట్టు పెట్టితిననుకొనెను. పెట్టినది బంధువులందఱి నెమ్మదిని. ఒక యింటి వివరము ఒక యింటితో నిలువదు.

శాసనమును మన పక్షముననే యున్నది. 1948 జనాభాలెక్కల చట్టమునందలి 15వ విభాగమువలన, లెక్కలవారికి మనము చెప్పిన వివరములను చూచుటకు ఎవరికిని హక్కు లేదు. 2017 ఆగస్టు 24వ తేదీన, విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారి వ్యాజ్యమున, సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకాంతజీవనము ప్రాథమికహక్కు అని ఏకగ్రీవముగా తీర్పుచెప్పెను. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార సంరక్షణ చట్టము వెలసెను. దాని నియమములు 2025 నవంబరున ప్రకటితములైనవి. వివరము నడుగునప్పుడు ఏ పనికొఱకో స్పష్టముగా తెలుపవలెను, బలవంతములేని సమ్మతి గొనవలెను, తప్పున్న దిద్దవలెను, వలదన్న తుడిచివేయవలెను. తెలుగున తెలుపుమని కోరుటకు మనకు హక్కు కలదు. పదునెనిమిదేండ్లు నిండని పిల్లల విషయమున తల్లిదండ్రుల సమ్మతి కావలెను. శాసనము గడపవఱకే వచ్చును; ఇంటిలోపల ధర్మమే కాపలా యుండవలెను.

కావున ప్రతిపాదితమైన పట్టిక విషయమున నేను సభవారికి విన్నవించుకొను నియమములివి.

మొదటిది, ఏ పనికై యడిగితిమో ఆ పనికే వాడవలెను. విద్యార్థివేతనముకొఱకు చెప్పిన ఆదాయము వివాహసంబంధము మాటలాడువాని చేతికి పోరాదు. రెండవది, అక్కఱలేని వివరమును అడుగనే రాదు. అడుగని వివరమును దొంగిలించు దొంగ పుట్టలేదు. మూడవది, ఇంటి యజమాని సంతకము ఆ యింటి ఆడువారి సమ్మతి గానేరదు. యుక్తవయస్సు వచ్చిన కుమార్తె ఛాయాచిత్రమును, చదువును, ఫోను సంఖ్యను చేర్చుటకు ఆమెనే యడుగవలెను. నాలుగవది, పట్టికను ముగ్గురికి మించి తెఱచి చూడరాదు. ఎవరెప్పుడు చూచిరో వ్రాతపూర్వకముగా నుండవలెను. అయిదవది, దానినుండి గీయు ప్రతి పటముక్రిందను ఎందఱిని లెక్కించితిమో, ఎందఱిని లెక్కింపలేకపోతిమో వ్రాయవలెను. పదికి తక్కువమంది యున్న గుంపును విడిగా చూపరాదు.

ఆఱవది కొంత కఠినము. మన పోషకులలో వర్తకులు కలరు, భూముల వ్యాపారము చేయువారు కలరు, ఎన్నికలయందు నిలుచువారును కలరు. వారి ఔదార్యము లేనిదే యీ పందిరి లేదు. వారియెడ నాకు గౌరవము మెండు. అయినను ఈ పట్టికను ఎంతటి దాత యడిగినను, ఏ పక్షమువారడిగినను, ఏ ధరకైనను ఈయరాదు. మనవారికి నిజముగా మేలుచేయు సమాచారము వారియొద్ద నున్నచో, సంఘమే ఆ సమాచారమును సభ్యులకు చేరవేయవచ్చును. సభ్యుల సంఖ్యలను వారికి చేరవేయనక్కఱలేదు. దానము చేసి ప్రతిఫలముగా పట్టిక నడుగని దాతయే నిజమైన దాత. అట్టివారే మన పోషకులని నా విశ్వాసము.

ఏడవది, కడపటిది, ఈ సంచికకే సంబంధించినది. ప్రతియేట సంచికయందు సహాయము పొందిన విద్యార్థుల పేర్లను, తండ్రుల పేర్లను, ఛాయాచిత్రములతో ముద్రించుట మన యాచారము. సదుద్దేశముతోనే యిది సాగుచున్నది. కాని పదియేండ్లకు ఆ బాలుడు ఇంజనీరై పెండ్లికి నిలిచినప్పుడు, ఆ పుట వియ్యాలవారి చేతిలోని ఫోనునందు ప్రత్యక్షమగును. పూర్వము సంచిక బీరువాలో చెదలు తినెడిది; ఇప్పటి సంచికకు చెదలు పట్టదు. ఇకమీదట గ్రహీతల సంఖ్యను, వారు చదువు తరగతులను, ఇచ్చిన మొత్తమును మాత్రము ప్రకటింతము. దాతల పేర్లను, వారిచ్చిన పైకమును, సంఘము పెట్టిన ప్రతి రూపాయి ఖర్చును, లెక్కలు తనిఖీ చేసినవారి యభిప్రాయముతోసహా పూర్తిగా ముద్రింతము. ఇచ్చినవాని చేయి వెలుగున నుండును. పుచ్చుకొన్నవాని చేయి నీడన నుండును. మొదట చెప్పిన సూత్రమునకు మన యింటిలోనే జరుగు నాచరణ మిది.

పట్టిక వ్రాయువారు యువకులు; వారు విద్యావంతులు, యంత్రనిపుణులు. వారి నైపుణ్యమును నేను మెచ్చుకొనుచున్నాను. వారికి నాదొక్క మనవి: కంప్యూటరు తెరపై వరుసలుగా కనబడునవి అంకెలు కావు, మన వీథులలోని గడపలు. ప్రతి వరుసను తాకునప్పుడు ఆ గడపలో నిలిచి యింటివారిని పిలుచుచున్నట్లు తలపుడు. పిలువని గడప దాటకుడు.

ఈ నియమములను ప్రతిపాదనతో చేర్చి, తీర్మానముగా నామోదింపవలెనని కోరుచు, మన కుటుంబములెల్ల విద్యయందును, ఆరోగ్యమునందును, పరస్పరవిశ్వాసమునందును వృద్ధిపొందవలెనని ఆశించుచు విరమించుచున్నాను.

స్వస్తి.